కలుషిత నేల శుద్ధి: అపోహలు - వాస్తవాలు

అపోహ: రంగు మారిన మట్టి ఎత్తి పారేస్తే నేల బాగుపడుతుంది.

వాస్తవం: వెయ్యి చదరపు మీటర్ల స్థలంలో మీటరు లోతు తవ్వితేనే సుమారు 1,700 టన్నుల మట్టి వస్తుంది. అంటే పది టన్నుల టిప్పర్‌కు 170 ట్రిప్పులు. పరీక్షలో ప్రమాదకర వ్యర్థమని తేలితే అదంతా హైదరాబాద్ దగ్గరి దుండిగల్‌లో ఉన్నటువంటి ప్రత్యేక ల్యాండ్‌ఫిల్‌కే (వ్యర్థాలను పూడ్చే స్థలానికే) వెళ్లాలి. ఇంత చేసినా, విషం అప్పటికే భూగర్భ జలంలోకి దిగి ఉంటే సగం పని కూడా కానట్టే.

హైదరాబాద్ శివారు పారిశ్రామిక ప్రాంతాలైన పటాన్‌చెరు, బొల్లారం వైపు అసలు చిక్కు ఇదే. పైన మెత్తబడిన గ్రానైట్, దాని కింద పగుళ్ల రాయి. మూడు బావుల నీటిమట్టాలు కొలిచి ప్రవాహ దిశ చెప్పడం ఇసుక నేలలో చెల్లుతుంది. ఇక్కడ నీరు పగులు ఎటు ఉంటే అటు పోతుంది కాబట్టి ఆ లెక్క తప్పుదారి పట్టిస్తుంది. దీనికి తోడు వదిలేసిన సాగు బోర్లు. వాటికి కేసింగ్ (మట్టి కూలకుండా దింపే పైపు) గట్టి రాయి తగిలేదాకానే ఉంటుంది, ఆ కింద ఉత్త రంధ్రమే. పై పగులులోని విషం లోతు పగులులోకి దిగడానికి అదే దారి. అందుకే ముందుగా పాత బోర్లన్నీ వెతికి, పనికిరానివాటిని అడుగు నుంచి పైకి బెంటొనైట్ (నీటికి ఉబ్బే బంకమట్టి), సిమెంట్ కలిపిన చిక్కటి గ్రౌట్‌తో నింపాలి. మీద రాయి పెట్టి వదిలేస్తే లాభం లేదు.

అపోహ: నాలుగు మూలల మట్టి కలిపి ల్యాబ్‌కు పంపితే సరి.

వాస్తవం: కలిపేటప్పుడే ద్రావకాలు (ఫ్యాక్టరీల్లో వాడే సాల్వెంట్లు) ఆవిరైపోతాయి, విషం పేరుకున్న చోటు సగటులో దాక్కుంటుంది. నీటి నమూనాకైతే ముందు బావిలో నిలిచిన నీరు తోడేయాలి. నాలుగు అంగుళాల పైపులో పది మీటర్ల నీరంటే దాదాపు 80 లీటర్లు, దానికి మూడింతలు తోడడం పాత పద్ధతి. ద్రావకాల పరీక్షకు 40 మిల్లీలీటర్ల గాజు సీసాను బుడగ మిగలకుండా నింపి మంచులో పెట్టాలి. ఎక్కువగా తప్పు జరిగేది క్రోమియం దగ్గర. లోహాల పరీక్షకు పట్టే నీటి సీసాలో నైట్రిక్ ఆమ్లం కలుపుతారు. అదే సీసాలో హెక్సావేలెంట్ క్రోమియం (బాగా విషపూరితమైన రూపం) కూడా చూస్తే అది ట్రైవేలెంట్‌గా (విషం తక్కువ రూపంగా) మారిపోయి, ఉన్న విషం లేనట్టు కనిపిస్తుంది.

అపోహ: బోరు నీళ్లు తేటగా ఉంటే భయం లేదు.

వాస్తవం: ఆర్సెనిక్‌కు రంగూ రుచీ ఉండవు. తాగునీటిలో దాని పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు.

అపోహ: పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) నోటీసు ఇచ్చిందంటే శుద్ధి మొదలైనట్టే.

వాస్తవం: 2025 జూలైలో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం ప్రాథమిక అంచనాకు 90 రోజులు, వివరమైన సర్వేకు మరో 90 రోజులు గడువు. శుద్ధి ప్రణాళిక ఆ తర్వాతే. ఖర్చు కలుషితం చేసినవాళ్లదే. గడువు ఉండటం మంచిదే గానీ, పగుళ్ల రాయిలో వానకు ముందొకసారి, తర్వాతొకసారి కొలవని సర్వేను నమ్మలేం.

అపోహ: భూమిలోకి శుద్ధి మందు ఎక్కించాక పరీక్షల్లో అంకెలు తగ్గితే పని అయిపోయినట్టే.

వాస్తవం: కిలో హెక్సావేలెంట్ క్రోమియంను ట్రైవేలెంట్‌గా మార్చడానికి లెక్క ప్రకారమే 16 కిలోల ఫెర్రస్ సల్ఫేట్ స్ఫటికాలు కావాలి. నీటిలోని ఆక్సిజన్ కొంత తినేస్తుంది కనుక ఇంకా ఎక్కువే పడుతుంది. తుప్పు పేరుకుని ఎక్కించే బావులు పూడుకుపోతాయి కూడా. నీరు తోడి శుద్ధి చేసే పద్ధతిలోనైతే పంపు ఆపగానే రాతి సందుల్లో మిగిలినది మెల్లగా బయటికొచ్చి అంకెలు మళ్లీ పెరుగుతాయి. నివేదిక చేతికొస్తే ముందు చూడాల్సింది చివరి రీడింగ్ తేదీ. అది పంపు ఆగిన తర్వాతిదా, ముందుదా?