స్కోర్ అని పేరు పెడితే బేసిక్ ఎందుకు ఒప్పుకోదు?

కమోడోర్ 64 అనే పాత హోమ్ కంప్యూటర్‌లో ఉండే ప్రోగ్రామింగ్ భాష బేసిక్ వి2. ఆ కంప్యూటర్‌ను అనుకరించే ఎమ్యులేటర్‌లో ఎస్, సి, ఓ, ఆర్, ఇ అక్షరాలతో ‘స్కోర్’ అనే వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) పెట్టి 10 ఇవ్వబోతే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. మధ్యలో ఉన్న ఓ, ఆర్ అక్షరాలే కారణం. ఆ రెండూ కలిస్తే ‘లేదా’ అనే అర్థమున్న ఒక ఆపరేటర్. అటూ ఇటూ ఖాళీ ఉందా లేదా అన్నది బేసిక్ వి2 చూడదు, కనబడగానే దాన్ని 176 అనే ఒక్క బైట్‌గా మార్చేస్తుంది. ‘టోటల్’ కూడా ఇలాగే చెడుతుంది, అందులో ‘టూ’ (టి, ఓ) ఉంది.

ఈ బేసిక్‌కు గుర్తులతో కలిపి తెలిసిన పేర్లు 76, ఒక్కోదానికి ఒక్కో నంబర్. మాన్యువల్‌లో అక్షరక్రమంలో చదివితే అసలు సంగతి తెలియదు. నేర్పేవాళ్లు నంబర్ల వరుసలో చూపిస్తే బాగుండేది. 128 నుంచి 162 వరకు 35 కమాండ్లు: ఎండ్, ఫర్, గోటూ, ప్రింట్, పోక్ వగైరా. 163–169 ఒంటరిగా నిలవని సహాయకాలు: దెన్, స్టెప్ లాంటివి. 170–179 ఆపరేటర్లు, 180–202 ఫంక్షన్లు. చివర 203, ‘గో’. గో, టూ విడివిడిగా రాసేవాళ్ల కోసం అది. వాక్యం మొదటి బైట్‌లోంచి 128 తీసేస్తే 35 కంటే తక్కువ వచ్చిందా, అది కమాండ్. 128 లోపు అక్షరమే ఉంటే ‘లెట్’ అనుకుంటుంది. అందుకే లెట్ రాయకపోయినా నడుస్తుంది.

ఈ పేర్లన్నీ బేసిక్ లోపల ఒక పట్టికలో నంబర్ల వరుసలోనే ఉంటాయి. అందులో ప్రతి పేరు చివరి అక్షరం కోడ్‌కు 128 కలిపి ఉంటుంది. మనం కొట్టిన అక్షరంలోంచి పట్టిక అక్షరాన్ని తీసేస్తే సున్నా వస్తే ముందుకు, తేడా సరిగ్గా 128 అయితే పేరు పూర్తయినట్టు, మరేదైనా వస్తే తర్వాతి పేరుకు. షిఫ్ట్ నొక్కి కొట్టిన అక్షరానికీ 128 కలుస్తుంది! పి కొట్టి, షిఫ్ట్‌తో ఓ కొడితే తేడా 128, పోక్ అయిపోయిందనుకుంటుంది. ఇలా కుదించి కొట్టే పొట్టిపేర్లకు వేరే కోడ్ అక్కర్లేదు. ‘పాస్’ (పి, ఓ, ఎస్) ఫంక్షన్‌కు మాత్రం పొట్టిపేరు దక్కదు: అవే రెండు అక్షరాలతో మొదలయ్యే పోక్ 151, పాస్ 185. మూడో అక్షరాన్ని షిఫ్ట్‌తో కొట్టినా, అక్కడ పట్టికలోనూ 128 ఉంది కాబట్టి తేడా సున్నాయే. ‘రెమ్’కూ ఇదే గతి, ‘రీడ్’ ముందుంది.

ముందు కుదిరిన పేరే ఖాయం కాబట్టి పొడవైనదే ముందుండాలి: హాష్ గుర్తున్న ఇన్‌పుట్ 132, ఉత్త ఇన్‌పుట్ 133.

‘ట్యాబ్’ పేరులో బ్రాకెట్ కూడా భాగం. ప్రింట్‌లో వాడేటప్పుడు మధ్యలో ఖాళీ వదిలితే అది అర్రే (ఒకే పేరు కింద విలువల వరుస) అయిపోతుంది: 5 ఇస్తే సున్నా అచ్చవుతుంది, 20 ఇస్తే ఆ వరుసలో అంత స్థానం లేదని బ్యాడ్ సబ్‌స్క్రిప్ట్ ఎర్రర్.