పాత బండి క్రౌన్ ఆయిల్: అపోహలు - వాస్తవాలు

మారుతీ ఓమ్నీ, అంబాసిడర్, పాత జీపు లాంటి వెనక చక్రాలు లాగే బళ్లున్నవాళ్లు ఇంజన్ ఆయిల్ మార్చిన తేదీ రాసిపెట్టుకుంటారు గానీ, వెనక ఇరుసు మధ్యలో ఉబ్బుగా ఉండి, ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్ సంగతి అడిగితే బిక్కమొహం వేస్తారు. షెడ్డులో మేం దాన్ని క్రౌన్ అంటాం. దాని ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవచ్చు, కానీ విన్నవన్నీ నమ్మి స్పానర్ పట్టకండి.

అపోహ: అది మూసేసిన డబ్బా, ఆయిల్ పాడవదు.
వాస్తవం: పూర్తిగా మూసింది కాదు. పైన వేలికొనంత బ్రీదర్ ఉంటుంది, లోపల వేడెక్కిన గాలి అందులోంచి బయటికి పోతుంది. వేడి మీదున్న ఇరుసు వాననీళ్లలో మునిగిందంటే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి బ్రీదర్‌లోంచో, ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీళ్ల సందుల్లోంచో నీళ్లు లాక్కుంటుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ వరదల తర్వాత నా దగ్గరికొచ్చిన ఒక ఓమ్నీకి ఆయిల్ కార్చే కింది బిరడా, అంటే డ్రెయిన్ ప్లగ్ తీస్తే నీళ్లు కలిసిన ఆయిల్ పాలెక్కువైన కాఫీలా కారింది. ఇంకో బండికి వెనక బ్రేకులు పట్టడం లేదని రెండుసార్లు సీళ్లు మార్పించారట. బ్రేక్ డ్రమ్ము విప్పితే లైనర్లు ఆయిల్‌తో నానిపోయి ఉన్నాయి. అసలు రోగం బ్రీదర్‌లో గట్టిపడిన బురద. గాలికి దారి లేక, ఆ ఒత్తిడికి ఆయిల్ సీళ్లను దాటి వచ్చేసింది. అందుకే ఆయిల్ మార్చే ముందు బ్రీదర్ శుభ్రం చేయండి.

అపోహ: కాస్త ఎక్కువ పోస్తే గేర్లకు మంచిది.
వాస్తవం: ఎక్కువైన ఆయిల్ కూడా సీళ్లు దాటి చివరికి బ్రేకుల మీదికే వస్తుంది. బండి సమంగా ఉండాలి, ఆయిల్ పోసే ఫిల్లర్ రంధ్రం అంచు దాకా నిండి సన్నగా కారడం మొదలైతే ఆపేయాలి.

అపోహ: డబ్బా మీద 90 అని ఉంటే చాలు.
వాస్తవం: 90 చిక్కదనం సంగతి మాత్రమే. హైపాయిడ్ రకం గేర్లలో పెద్ద క్రౌన్ చక్రం, దాన్ని తిప్పే చిన్న పినియన్ పళ్లు ఒకదానిమీద ఒకటి జారుతూ రాసుకుంటాయి కాబట్టి, ఆ రాపిడిని తట్టుకునే జీఎల్-5 రకం గేర్ ఆయిల్ కావాలి. మిగిలింది కదా అని దాన్నే గేర్‌బాక్స్‌లో పోయకండి, పాత బాక్సుల్లో గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులకు అది పడకపోవచ్చు. మాన్యువల్ చూసుకోండి.

అపోహ: ముందు డీజిల్ పోసి కడగాలి.
వాస్తవం: వద్దు. ఇరుసు గొట్టాల్లో మిగిలిన డీజిల్ కొత్త ఆయిల్‌ను పల్చన చేస్తుంది.

ఇక పని విషయం. కొన్ని కిలోమీటర్లు తిప్పి వేడిచేశాక, కింది ప్లగ్ కన్నా ముందు ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూడండి. ఏళ్ల తరబడి తుప్పు పట్టింది మొండికేస్తే, ఉన్న ఆయిల్ కార్చేసి కొత్తది పోయలేక బండి వాకిట్లో ఆగిపోతుంది. హ్యాండ్‌బ్రేక్‌ను నమ్మి వెనక భాగం లేపకండి, అది పట్టేది వెనక చక్రాలనే. ముందు చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, ఇరుసు కింద స్టాండ్లు వేశాకే కిందికి దూరండి. ఉత్త జాకీ మీద, ఇటుకల మీద నిలబెట్టిన బండి కిందికి నేనైతే వెళ్లను.

ప్లగ్‌కు అయస్కాంతం ఉండి దానికి బూడిదరంగు ముద్ద అంటుకుంటే కంగారు పడకండి, అది మామూలు అరుగుదలే. గేరు పంటి ముక్క గోటికి తగిలితే మాత్రం క్రౌన్ విప్పి చూడాల్సిందే.

పాత ఆయిల్ కాలువలో పోయకుండా క్యానులో పట్టి, డ్రమ్ములో పోగుచేసే మెకానిక్‌కు ఇవ్వండి. రెండ్రోజులు తిరిగాక రెండు ప్లగ్గుల చుట్టూ గుడ్డతో తుడిచి తడి ఉందేమో చూసుకోండి.