అతకని కాలిని ఇంకో చోట విరగ్గొట్టేదెందుకు?

మోకాలి కింద ఉండే పెద్ద ఎముకను టిబియా అంటారు. ప్రమాదంలో అది నుజ్జయి, ఆరు సెంటీమీటర్ల ముక్క పోయిన ఒకాయన గురించి ఓ పాఠకురాలు అడిగారు: "ఖాళీ పూడాలంటే బాగున్న చోట ఇంకోసారి విరగ్గొట్టాలంటున్నారు డాక్టర్లు. ఉన్న ఎముకను కూడా పాడుచేసుకున్నట్టు కాదా? ఆ ఖాళీలో స్టీల్ కడ్డీ పెట్టేస్తే సరిపోదా?"

కడ్డీ సంగతి ముందు తేల్చేద్దాం. ఎముక అతికేదాకా భారం మోయడమే దాని పని. వేసే ప్రతి అడుగుకీ లోహం కొద్దికొద్దిగా అలసిపోతుంది, తనను తాను బాగుచేసుకునే శక్తి దానికి లేదు. ఎముక అతక్కపోతే ఎంత గట్టి కడ్డీ అయినా, కాకపోతే దాని స్క్రూలైనా, ఏదో ఒకరోజు విరుగుతాయి. కాబట్టి అక్కడికి ఎముకే రావాలి.

టిబియాకే ఈ కష్టాలు ఎక్కువ ఎందుకో తెలియాలంటే మీ కాలి ముందువైపు వేలితో తడిమి చూడండి. చర్మం కిందే ఎముక తగులుతుంది, మధ్యలో కండ లేదు. విరిగితే చర్మాన్ని చీల్చుకుని తేలిగ్గా బయటికొస్తుంది, మట్టీ క్రిములూ లోపలికి పోతాయి. కింది మూడోవంతులో రక్తసరఫరా కూడా అంతంతమాత్రం. చచ్చిపోయిన, చీము పట్టిన ముక్కల్ని సర్జన్ తీసేయక తప్పదు. ఆ ఖాళీ అలా ఏర్పడుతుంది.

ముక్క పోకపోయినా అతకని ఎముకలుంటాయి. తొమ్మిది నెలలు దాటి, చివరి మూడు నెలల ఎక్స్‌రేల్లో ఏ ముందడుగూ కనిపించకపోతే దాన్ని నాన్‌యూనియన్ అంటారు. "కాల్షియం మాత్రలు ఇంకొన్ని వేసుకుంటే అదే అతుక్కుంటుంది" అని చాలామంది నెలలకు నెలలు ఎదురుచూస్తారు. చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే చాలాసార్లు అసలు సమస్య కదలిక. స్విస్ సర్జన్ స్టీఫన్ పెర్రెన్ చెప్పిన లెక్క ఇది. పగులు వెడల్పు 1 మి.మీ. ఉండి, ముక్కలు 0.1 మి.మీ. కదిలాయనుకోండి. మధ్యలో ఉన్న కణజాలం 10 శాతం సాగాలి. గాయంలో మొదట పుట్టే మెత్తని కణజాలం 100 శాతం దాకా సాగినా తట్టుకుంటుంది, మృదులాస్థి 10 శాతం దాకా, ఎముక 2 శాతం దాకా. అంటే ఆ పగులులో మృదులాస్థి బతకగలదు, ఎముక పుట్టలేదు. రక్తసరఫరా బాగుండి కదలిక వల్లే అతకని ఎముకకు చివర్లు ఉబ్బి వెడల్పవుతాయి. దానికి ఎముక లోపలి గొట్టాన్ని తొలిచి ఇంకాస్త లావు నెయిల్ (ఎముక లోపల దూర్చే లోహపు కడ్డీ) గట్టిగా బిగిస్తే చాలావరకు అతుకుతుంది. చివర్లు సన్నబడి వాడిపోయిన ఎముకకు స్థిరత్వం ఒక్కటే చాలదు, తుంటి ఎముక నుంచి మూలుగతో కూడిన గ్రాఫ్ట్, అంటే ఎముక ముక్కలు, తెచ్చి పెట్టాలి.

ఆరు సెంటీమీటర్ల ఖాళీ వేరే కథ. దీనికి దారి చూపినవాడు సైబీరియాలోని కుర్గాన్‌లో పనిచేసిన సోవియట్ డాక్టర్ గవ్రిల్ ఇలిజరోవ్ (1921–1992). ఆయన 1950ల తొలి ఏళ్లలో తయారుచేసిన సాధనంలో కాలి చుట్టూ రింగులుంటాయి, ఎముకలోంచి అడ్డంగా దూర్చిన 1.5, 1.8 మి.మీ. తీగల్ని వాటికి లాగి బిగిస్తారు. హైజంప్ ఒలింపిక్ విజేత వాలెరీ బ్రూమెల్ 1965లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జయ్యాక, ఎన్నో ఆపరేషన్లయ్యాక, 1968లో ఈయన దగ్గరికే వెళ్లాడు. 1980లో ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరీకి కుర్గాన్‌లో కాలు బాగయ్యాకే పశ్చిమ ఐరోపా సర్జన్ల చూపు అటు మళ్లింది.

ఇక ఆ "విరగ్గొట్టడం" దగ్గరికి వద్దాం. ఖాళీకి దూరంగా, రక్తం బాగా అందే మోకాలి దగ్గరి భాగంలో, ఎముకను జాగ్రత్తగా కోస్తారు. ఎముక పైపొర చెడకూడదు, అందుకే సుత్తీ ఉలీ ఎంత నెమ్మదిగా వాడితే అంత మంచిది. ఐదు నుంచి పది రోజులు ఏమీ కదపరు. ఆ తర్వాత కోసిన ముక్కను రోజుకు 1 మి.మీ. చొప్పున ఖాళీ వైపు జరుపుతారు. రింగుల్ని కలిపే కడ్డీ మీది మర ఒక చుట్టుకు సరిగ్గా 1 మి.మీ. నడుస్తుంది కాబట్టి, నట్టును రోజుకు నాలుగుసార్లు పావు చుట్టు తిప్పితే చాలు. తిప్పేది సాధారణంగా రోగి, లేదా ఇంట్లోవాళ్లు. ముక్క ముందుకు జరిగేకొద్దీ వెనక ఖాళీ అయ్యే చోట కొత్త ఎముక పుడుతుంది!

దూది ఏకు నుంచి నూలు వడకడం చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. గబుక్కున లాగితే పోగు తెగుతుంది, లాగకుండా ఉంటే ఉండకడుతుంది, సరైన వేగంతో లాగితే చిందరవందరగా ఉన్న పీచులన్నీ లాగిన వైపుకే వరస కడతాయి. కుక్కల కాళ్ల మీద ఇలిజరోవ్ చేసిన ప్రయోగాల్లోనూ ఇదే తేలింది. రోజుకు అర మిల్లీమీటరైతే ఎముక ముందే గట్టిపడి కదలడం మానేసింది, 2 మి.మీ. అయితే రక్తనాళాలు అందుకోలేక కణజాలం పాడైంది. అదే 1 మి.మీ.ను నాలుగుసార్లు కాక యంత్రంతో అరవైసార్లుగా విడదీసి లాగితే ఫలితం ఇంకా బాగుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు అచ్చం నూలు లాగే సమాంతరంగా ఉంటాయి. వాటి మీద రెండు వైపుల నుంచీ ఆస్టియోబ్లాస్టులు (ఎముకను కట్టే కణాలు) ఆస్టియాయిడ్ (ఇంకా గట్టిపడని ఎముక పదార్థం) పరుస్తూ వస్తాయి, దానిలో ఖనిజం చేరి సన్నని ఎముక స్తంభాలు లేస్తాయి, స్తంభానికీ స్తంభానికీ మధ్య రక్తకేశనాళికలు పాకుతాయి. మృదులాస్థి దశ దాదాపు ఉండదు. మరి ఎముక 2 శాతానికి మించి సాగదన్నాం కదా, రోజూ 1 మి.మీ. లాగుతుంటే ఎలా? సాగేదంతా నడుమ మెత్తగా మిగిలిన పీచు పొరే, గట్టిపడిన స్తంభాలు ఉన్నవి ఉన్నట్టే దూరం జరుగుతాయి. నూలుతో పోలిక ఇక్కడే ఆగిపోతుంది. ఏకులో పీచు వాడేకొద్దీ అయిపోతుంది, ఇక్కడ లాగేకొద్దీ కొత్త పీచు పుడుతూనే ఉంటుంది. ఎముకల్ని తెల్లగా ఎండిన అస్థిపంజరంలోనే చూపించి పాఠం ముగించేస్తే పిల్లలకు ఈ సంగతి ఎప్పటికీ తట్టదు.

ఆరు సెంటీమీటర్లు జరగడానికి రెండు నెలలు. కొత్త ఎముక బరువు మోసేంత గట్టిపడడానికి అంతకంటే ఎక్కువ. మొత్తంగా సెంటీమీటరుకు నెల, నెలన్నర, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం ఆ రింగులు కాలికి ఉంటాయి. తీగలు చర్మంలోంచి వచ్చే చోట్ల ఇన్ఫెక్షన్ తరచూ వస్తుంది, నిద్ర సరిగా పట్టదు, చీలమండ బిగుసుకుపోతుంటే రోజూ వ్యాయామం చేయాలి. ఆ నెలల టెన్షన్‌ను ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు.

ఇదొక్కటే మార్గమూ కాదు. ఫ్రెంచ్ సర్జన్ అలెన్ మాస్కెలే పద్ధతిలో ఖాళీని ఎముక సిమెంటుతో నింపి ఆరు నుంచి ఎనిమిది వారాలు వదిలేస్తారు. సిమెంటు చుట్టూ శరీరం ఒక పొర అల్లుకుంటుంది. రక్తనాళాల్నీ ఎముకనీ పెంచే ప్రొటీన్లు ఆ పొరే విడుదల చేస్తుంది. రెండో ఆపరేషన్లో పొరను చీల్చి, సిమెంటు తీసి, గ్రాఫ్ట్ నింపి మళ్లీ కుట్టేస్తారు. పక్కనే ఉన్న సన్నెముక ఫిబ్యులాను రక్తనాళాలతో సహా తెచ్చి అమర్చే పద్ధతి కూడా ఉంది.

పాఠకురాలికి ఇంకో మాట ముందే చెప్పాలి. జరుగుతున్న ముక్క అవతలి అంచును చేరగానే పని అయిపోయిందనుకోకూడదు. నెలల తరబడి ఖాళీలోకి చూస్తూ ఉన్న ఆ రెండు చివర్ల మీదా గట్టి పీచు పొర కట్టేసి ఉంటుంది. కొత్త ఎముక ఆరు సెంటీమీటర్లు పెరిగినచోట అతుకు పడి, కేవలం ఆనుకున్న ఈ చోట పడకపోవడం చాలామందిలో జరుగుతుంది. అప్పుడు ఇంకో చిన్న ఆపరేషన్ చేసి, రక్తం చెమర్చే దాకా చివర్లు గీకి, తుంటి నుంచి కాస్త గ్రాఫ్ట్ పెట్టి, రింగుల్ని దగ్గరికి నొక్కి బిగిస్తారు. డాక్టర్‌ను ముందే అడగాల్సింది దాని గురించి.