పిన్‌కోడ్ ప్రధాన సంఖ్యా? పెద్ద సంఖ్యల మీద కొన్ని అపోహలు

హనుమకొండలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తాను. కారణాంకాల పాఠం వస్తే బోర్డు మీద మన పిన్‌కోడే రాస్తాను: 506001. మొన్న వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, "మూడుతో పోతది సార్. 168667 మిగిలింది. ఇగ దేంతోని పోతలేదు, ప్రధాన సంఖ్యే" అంది. ఎక్కడిదాకా చూశావమ్మా అంటే, 19 దాకా అట.

అపోహ: చిన్నచిన్న వాటితో పోకపోతే ప్రధాన సంఖ్యే.

వాస్తవం: వర్గమూలం దాకా పోవాల్సిందే. 168667 వర్గమూలం 410 చిల్లర. ఆ లోపు ప్రధాన సంఖ్యలు 80. వాటిని దాటి ఒక్కటీ అక్కర్లేదు. రెండు కారణాంకాలూ 410 దాటితే వాటి లబ్ధం అసలు సంఖ్యనే మించిపోతుంది కదా. ఆ అమ్మాయి ఎనిమిదింటితో ఆపింది. మిగతావి క్లాసంతా పంచుకున్నాం. 36వ ప్రధాన సంఖ్య దగ్గర తెగింది: 151 × 1117.

నేనూ తక్కువ తినలేదు. కొత్తలో 10001 ప్రధాన సంఖ్య అని బోర్డు మీద రాసేశాను. చూడ్డానికి అలాగే ఉంటుంది మరి. అది 73 × 137.

అపోహ: నాలుగైదు సార్లు నిజమైతే ఎప్పుడూ నిజమే.

వాస్తవం: ఇందులో ఫెర్మా అంతటి గణితవేత్తే బోల్తాపడ్డాడు. 3తో మొదలుపెట్టి, ఒకటి తీసి వర్గం చేసి మళ్లీ ఒకటి కలుపుతూ పోతే 5, 17, 257, 65537 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. తర్వాతిది 4294967297, అంటే 429 కోట్ల పైచిలుకు. అదీ అంతే అనుకున్నాడు. 1732లో ఆయిలర్ దాన్ని విరగ్గొట్టాడు: 641 × 6700417. దాని కారణాంకం ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాలి. ఈ సూత్రం చేతిలో ఉంటే, అలాంటి ప్రధాన సంఖ్యల్లో 193, 257, 449, 577 చూశాక అయిదోదే 641. మన పిన్‌కోడ్‌కు పడ్డ కష్టం కూడా ఉండదు.

అపోహ: అంకెల మొత్తం 9 వస్తే ఆ బండి నంబర్‌కు ఏదో మహిమ ఉంది.

వాస్తవం: 9తో పోతుంది, అంతే. 9999 కోసం వేలంపాటలో ఎంత పోసినా 9 × 11 × 101 అలాగే ఉంటుంది.

అపోహ: ప్రధాన సంఖ్య కాదని తేలితే కారణాంకాలు దొరికినట్టే.

వాస్తవం: ఇది లెక్కల మాస్టర్లలోనూ ఉన్న భ్రమ. 2⁶⁷ − 1లో 21 అంకెలుంటాయి. అది ప్రధాన సంఖ్య కాదని 1876లోనే లూకా తేల్చాడు, ఒక్క కారణాంకమూ చూపకుండా! 193707721 × 761838257287 అని కోల్ చూపేసరికి 1903 వచ్చింది. ప్రధాన సంఖ్య అవునో కాదో ఎంత పెద్దదానికైనా సహేతుకమైన సమయంలో కచ్చితంగా తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చారు. కారణాంకాలు తీయడానికి మామూలు కంప్యూటర్ల మీద అలాంటి వేగమైన దారి ఇంకా దొరకలేదు. ఆర్‌ఎస్‌ఏ అనే డిజిటల్ తాళం ఆ ఇబ్బంది మీదే నడుస్తోంది.

వరంగల్ వాళ్లు అలగకుండా 506002 కూడా ఇంటిపనికి ఇచ్చాను. 2, 7 తీసేస్తే 36143. వర్గమూలం 190 చిల్లర, కానీ అంతదూరం పోనక్కర్లేదు. 19 దగ్గర మాత్రం ఆగొద్దు.