"మనోళ్లే కదన్నయ్యా" అంటే సరిపోదు: బ్యాండ్ డాక్యుమెంటరీలపై అపోహలు, వాస్తవాలు

కాకినాడ, రాజమండ్రి, భీమవరం కాలేజీ కుర్రాళ్లు బ్యాండ్లు కట్టి సొంత పాటలు చేసుకుంటున్నారు. వాళ్ల మీద డాక్యుమెంటరీ తీసి, సౌండుకీ ఎడిటింగుకీ నా దగ్గరకొచ్చే పిల్లలూ ఉన్నారు. "పాటలు వాడుకోవడానికి అనుమతి కాయితం ఉందా?" అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "మనోళ్లే కదన్నయ్యా, ఎవరూ ఏమీ అనరు."

అపోహ: బ్యాండ్ వాళ్లు నోటితో సరేనంటే చాలు.

వాస్తవం: చాలదు. సినిమాలు ఆగిపోయేది ఇక్కడే. ఒకే పాటలో సాహిత్యం ఒకరిది, ట్యూన్ ఇంకొకరిది, రికార్డింగ్ మీద హక్కు మరొకరిది కావచ్చు. పాడినవాళ్లకీ వాయించినవాళ్లకీ విడిగా హక్కులున్నాయి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం లైసెన్స్ రాతపూర్వకంగా ఉండాలి. అందులో గడువు రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే. విదేశీ ఫెస్టివల్స్‌కి పంపాలనుకునేవాళ్లు ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి.

అమలాపురం వైపు కుర్రాడొకడు ఏడాది పైగా ఒక బ్యాండ్ వెంట తిరిగాడు. మేడ మీద రేకుల షెడ్డులో రిహార్సల్. కరెంటు పోయి, గిటార్ సౌండ్ పెంచే యాంప్‌లు ఆగిపోయినా డ్రమ్స్ ఆపకుండా, మైకు లేకుండానే అందరూ గొంతు కలిపిన షాట్ ఒకటి దొరికింది. ఈలోగా బ్యాండ్ విడిపోయింది. పాట రాసినతను ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాడు, పాడినతనితో అతనికి మాటల్లేవు. ఫెస్టివల్ వాళ్లు హక్కుల పత్రాలు అడిగారు. లేవు. పాటలు తీసేసి మళ్లీ కట్ చేయాల్సి వచ్చింది. ముందు పోయింది ఆ షాటే.

అందుకే షూటింగ్ మొదటిరోజే, అందరూ ఒకచోట ఉండగానే రాయించుకోండి: ఏ పాట, ఎవరు రాశారు, ఎవరు ట్యూన్ కట్టారు, ఏ సినిమాకి, ఎన్నేళ్లకి, ఏయే దేశాలకి, యూట్యూబ్‌కీ ఓటీటీకీ కూడానా. కింద అందరి సంతకాలు. స్నేహం చెడుతుందని జంకొద్దు. పాట వాళ్లదే, మీ సినిమాలో వాడుకోవడానికి మాత్రమే అనుమతి అని రాస్తే వాళ్లకీ ధైర్యమే. షూటింగ్ అయిపోయిందే అని టెన్షన్ పడుతున్నవాళ్లు కూడా ఇప్పుడే వెళ్లి రాయించుకోండి, రిలీజ్‌కి ముందు చేతిలో ఉంటే చాలు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"30 సెకన్లలోపు ఎవరి పాటైనా వాడొచ్చు." ఎవరు పుట్టించారో గానీ, చట్టంలో ఇలాంటి సెకన్ల లెక్కే లేదు. దీన్ని దయచేసి ఇంకొకరికి చెప్పకండి.

"పేరు వేస్తే చాలు." పేరు వేయడం మర్యాద. అనుమతి వేరు.

"స్టేజి మీద సినిమా పాట వాయించడానికి నిర్వాహకులు లైసెన్స్ తీసుకున్నారుగా." అది ఆ ప్రదర్శనకి. మీ సినిమాలో పెట్టడానికి మళ్లీ విడిగా తీసుకోవాలి.

"రిజిస్టర్ చేయించని పాటకు హక్కు లేదు." ఉంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

"రిహార్సల్ గది గోడలకు కోడిగుడ్ల అట్టలు కొడితే సౌండ్ బయటికి పోదు." పోతుంది, పక్కింటివాళ్లు వస్తారు కూడా.

"స్టేజి మైకులన్నీ కలిసే మిక్సర్ నుంచి రికార్డింగుకి నేరుగా లైన్ తీసుకుంటే సౌండ్ అంతా వచ్చేసినట్టే." చిన్న హాల్లో డ్రమ్స్, గిటార్ యాంప్‌లు వాటంతట అవే గట్టిగా వినిపిస్తాయి కాబట్టి మిక్సర్‌లోకి వెళ్లేది ఎక్కువగా గొంతే. ఆ లైన్ ఒక్కటే వింటే పాటగాడు చెవిలో అరుస్తున్నట్టూ, డ్రమ్స్ పక్కవీధిలో ఉన్నట్టూ ఉంటుంది. జనం మధ్యలో ఒక స్టీరియో రికార్డర్ కూడా పెట్టి, ఎడిటింగులో రెండూ కలపండి.