పాచికలు కలిస్తే పాలు విరుగుతాయి

"రోల్‌ప్లే ఆటల్లో దుష్టమంత్రం పట్టినవాడు చెడిపోతాడంటారు. అది ఉత్త కథేనా, లెక్కలో కూడా ఏమైనా ఉందా?" అని ఒక పాఠకుడు అడిగారు. అసలు సంగతంతా లెక్కలోనే ఉంది. కథ రాసేవాడికి ఇబ్బంది లేదు, "అతనికి ఆశ పుట్టింది" అని ఒక వాక్యం రాసేస్తే చాలు. బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రను నడిపే ఈ ఆటల్లో అలా చెల్లదు. పాత్ర చేతులు ఆటగాడివి. ఆటను నడిపే గేమ్ మాస్టర్ "నీకు ఆశ పుట్టింది" అంటే ఆటగాడు నవ్వి ఊరుకుంటాడు. బల్ల దగ్గర కూర్చున్న మనిషికే నిజంగా ఆశ పుట్టాలి. ఆ పుట్టించే పని పాచికలది.

ఈ పనిని అందరికంటే శ్రద్ధగా చేసిన ఆట వార్‌హామర్ ఫాంటసీ రోల్‌ప్లే. బ్రిటన్‌లో గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1986లో తొలి కూర్పు తెచ్చింది. మనకు ముఖ్యమైనవి 2005లో వచ్చిన రెండో కూర్పు, 2018లో వచ్చిన నాలుగో కూర్పు. పాత్ర తయారీ, వృత్తుల చిట్టా, కత్తియుద్ధాల జోలికి పోను. అవి ఏ ఆటలోనైనా ఉండేవే.

ఆ లోకంలో మంత్రశక్తి ఉత్తర దక్షిణ ధ్రువాల దగ్గరున్న చీలికల్లోంచి కేయాస్ అనే అరాచక లోకం నుంచి కారుతూ ఉంటుంది. లోకంలోకి వచ్చాక ఎనిమిది గాలులుగా విడిపోతుంది. నిప్పుది ఆక్షీ, మృత్యువుది షైష్, నీడది ఉల్గు, ఇలా ఒక్కోదానికి ఒక్కో గుణం. ఎల్ఫ్ అనే మనుషులు కాని జాతికి చెందిన టెక్లిస్ అనే మంత్రవేత్త ఆల్ట్‌డార్ఫ్ నగరంలో మనుషులకు విద్యాలయాలు పెట్టించినప్పుడు ఒక కట్టుబాటు విధించాడు: ఒక మనిషికి ఒకే గాలి. ఎల్ఫ్‌లు ఎనిమిదింటినీ పొందికగా అల్లగలరు. మనుషులకు ఆ నేర్పు లేదు. రెండు మూడు గాలుల్ని బలవంతంగా కలిపితే వచ్చేది ధార్, అంటే చీకటి మంత్రం. దెయ్యాల్ని పిలిచేవాళ్ళూ శవాల్ని లేపేవాళ్ళూ వాడేది దీన్నే. బలం ఎక్కువ, పట్టు తక్కువ. ఇంతవరకూ కథ.

ఇప్పుడు రెండో కూర్పులో ఇదే మాట పాచికల్లో ఎలా చెప్పారో చూద్దాం. ప్రతి మంత్రవేత్తకూ 1 నుంచి 4 వరకు మంత్రబలం ఉంటుంది. బలం ఎంతో, అన్ని పదిముఖాల పాచికలు వేయాలి (ముఖం మీద 0 అంటే 10). మొత్తం మంత్రానికి రాసి ఉన్న అంకెకు సమానమైనా, దాన్ని దాటినా మంత్రం పారుతుంది. కావాలంటే తక్కువ పాచికలు వేసుకోవచ్చు. ఇక్కడే మెలిక: వేసిన పాచికల్లో రెండు ఒకే అంకె చూపిస్తే జీంచ్ శాపం తగులుతుంది. జీంచ్ అక్కడి నలుగురు కేయాస్ దేవుళ్ళలో ఒకడు, మార్పుకూ మోసానికీ అధిపతి. రెండు కలిస్తే చిన్న శాపం, మూడు కలిస్తే పెద్దది, నాలుగు కలిస్తే ఏకంగా పాత్రే ఆటలోంచి పోయేంత విపత్తు. మంత్రం పారిందా లేదా అన్నదానితో శాపానికి సంబంధం లేదు. పారినా తగులుతుంది, పారకపోయినా తగులుతుంది.

ఉమ్మడి కుటుంబం లెక్కలో చూడండి. అన్నదమ్ముల్లో ఒక్కొక్కరు పెరిగేకొద్దీ ఇంటి సంపాదన ఒక్కొక్కరి వంతున పెరుగుతుంది. తగవులు మాత్రం మనుషుల లెక్కన కాక జంటల లెక్కన పెరుగుతాయి. ఒక్కడే ఉంటే తగవే లేదు. ఇద్దరుంటే ఒక జంట, ముగ్గురైతే మూడు, నలుగురైతే ఆరు, ఐదుగురైతే పది. పాచికలూ అంతే. ఒక్కో పాచిక సగటున 5.5 సంపాదించి పెడుతుంది. ఏ రెండు పాచికలైనా కలిసే అవకాశం పదోవంతు. నాలుగు పాచికలకు ఆరు జంటలున్నాయి కదా అని 60 శాతం అనుకోకూడదు, ఒకే విసురులో రెండు తగవులు పడే సందర్భాల్ని అలా లెక్కిస్తే రెండుసార్లు లెక్కపెట్టినట్టు. అసలు తగవే పడని అవకాశం లెక్కకట్టి నూటిలోంచి తీసేయడం సుళువైన దారి. మొదటి పాచిక ఏదైనా పడనీ. రెండోది దానితో కలవకపోవడానికి పదింట తొమ్మిది వంతులు, మూడోది ఆ రెండింటితో కలవకపోవడానికి పదింట ఎనిమిది, నాలుగోదానికి పదింట ఏడు. మూడూ గుణిస్తే 0.504. అంటే నాలుగు పాచికల మంత్రవేత్తకు శాపం తగిలే అవకాశం 49.6 శాతం. రెండు పాచికలవాడికి 10, మూడు పాచికలవాడికి 28. గది నిండా 23 మంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు ఒకటయ్యే అవకాశం సగానికి పైమాటే అనే ప్రసిద్ధ లెక్క ఇదే. ఇంటర్మీడియట్ సంభావ్యత పాఠాన్ని సంచిలో ఎర్రబంతులూ నల్లబంతులతో మొదలుపెట్టే బదులు పది పాచికలు తెచ్చి బల్ల మీద పోస్తే పిల్లలు గంటలో పట్టేస్తారని నా నమ్మకం.

ఒక్క పాచికవాడు పూర్తిగా క్షేమమా అంటే, అదీ కాదు. వేసిన పాచికలన్నీ 1 చూపిస్తే మంత్రం తప్పినట్టే, పైగా మనోబల పరీక్ష (నూరు ముఖాల పాచిక మనోబలం అంకెకు మించకూడదు) నెగ్గకపోతే, మతి ఎంత చెడిందో లెక్కపెట్టే పిచ్చి పాయింటు ఒకటి పడుతుంది. ఒక్కటే పాచికైతే అది పదిసార్లలో ఒకసారి జరుగుతుంది.

ఇక చీకటి మంత్రం. దానికి నియమం రెండే ముక్కల్లో ఉంది: మామూలుగా వేసేదానికంటే ఒక పాచిక ఎక్కువ వేయి, అన్నిటికంటే తక్కువ పడ్డదాన్ని మొత్తంలోంచి తీసెయ్. కానీ శాపం చూసేటప్పుడు ఆ తీసేసిన పాచికా లెక్కే. అంటే ఆ ఇంట్లో అందరికంటే తక్కువ తెచ్చిన తమ్ముడి రూపాయి ఉమ్మడి ఖాతాలో పడదు, తగవులో మాత్రం అతను పూర్తి వాటాదారు. సంపాదన నలుగురిది, జంటలు ఐదుగురివి.

లాభం ఎంత? రెండు పాచికలకు సగటు 11. మూడు వేసి చిన్నదాన్ని తీసేస్తే, మొత్తం సగటు 16.5లోంచి కనిష్ఠం సగటు 3.025 పోయి 13.475 మిగులుతుంది. ఆ 3.025 ఎలా వచ్చిందంటే, 1 నుంచి 10 వరకు ఘనాల మొత్తం 3025, దాన్ని వెయ్యితో భాగించాలి. ఒక్క పాచికవాడికైతే వర్గాల మొత్తం 385ని వందతో భాగించాలి. అలా చూస్తే చీకటి మంత్రం వల్ల కలిసొచ్చేది మంత్రబలం 1 ఉంటే 1.65, 2 ఉంటే 2.48, 3 ఉంటే 2.97, 4 ఉంటే 3.29. అదే వరుసలో శాపం అవకాశం సున్నా నుంచి 10కి, 10 నుంచి 28కి, 28 నుంచి 49.6కి, 49.6 నుంచి 69.8కి ఎగబాకుతుంది. మూడుగానీ అంతకన్నా ఎక్కువగానీ కలిసే అవకాశం నాలుగు పాచికలకు 3.7 శాతం, ఐదింటికి 8.56. బలం నాలుగున్నవాడు చీకటిలోకి దిగితే పెద్ద శాపాలు రెట్టింపు కంటే ఎక్కువవుతాయి.

సగటు చూసి ఎవరూ ఆశపడరు. ఆశ పుట్టేది గడప దగ్గర. మంత్రబలం 2, మంత్రం అంకె 15 అనుకోండి. రెండు పాచికలతో 15 గానీ అంతకన్నా ఎక్కువగానీ వచ్చే విసుర్లు నూటికి 21. చీకటి మంత్రంతో మూడు వేసి రెండు ఉంచుకుంటే వెయ్యికి 426, అంటే 42.6 శాతం. అవకాశం రెట్టింపు! ఎదురుగా రాక్షసుడు, పక్కన నేలకూలిన స్నేహితుడు ఉంటే ఈ రెట్టింపు ముందు ఆ 28 శాతం శాపం చిన్నదిగానే కనిపిస్తుంది.

ధర్మమార్గం లేదా అంటే ఉంది. మంత్రం వేసేముందు తన వంతులో సగం సమయం వెచ్చించి గాలిని ఒడిసిపట్టే ప్రయత్నం చేయవచ్చు. మనోబల పరీక్ష నెగ్గితే మంత్రబలం ఎంతో అంత అంకె మొత్తానికి కలుస్తుంది. కొత్త పాచిక రాదు కాబట్టి కొత్త తగవూ రాదు. పై ఉదాహరణలో 2 కలిస్తే అవకాశం 36 శాతం. కానీ మనోబలం 40 ఉన్నవాడు పరీక్ష నెగ్గేది నూటికి నలభైసార్లే, కనుక చివరికి తేలేది 27. చీకటి ఇచ్చేది 42.6.

ఈ రెండు దారుల్నీ పక్కపక్కన పెడితే నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చిన సంగతి బయటపడుతుంది. ఒడిసిపట్టడం నెగ్గితే వచ్చేవి 1, 2, 3, 4. చీకటి ఇచ్చేవి 1.65, 2.48, 2.97, 3.29. బలం 1, 2 ఉన్న కొత్తవాళ్ళకు చీకటిదే పైచేయి. బలం 3 దగ్గర రెండూ దాదాపు సమానం, 4 దగ్గర ధర్మమార్గమే ఎక్కువ ఇస్తుంది, శాపం పెరగకుండా. అంటే చీకటి మంత్రం ఎర వేసేది పండితుడికి కాదు, ఓపికలేని శిష్యుడికి. ఈ మాట నియమాల పుస్తకంలో ఎక్కడా రాసి ఉండదు, లెక్క వేస్తేనే కనిపిస్తుంది.

బల్ల దగ్గర తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. పాచికలు పడీపడగానే ఆటగాడు చిన్న అంకె పాచికను తీసి పక్కన పెట్టేస్తాడు. మిగిలినవాటిలో జతలు వెతికి, శాపం లేదనుకుని ఊపిరి పీల్చుకుంటాడు. 9, 4, 4 పడ్డాయనుకోండి. ఒక 4 తీసేశాక మొత్తం 13, కానీ తగవు పడ్డది ఆ రెండు నాలుగుల మధ్యే. కనుక వరుస ఇలా ఉండాలి: ముందు అన్ని పాచికల్నీ అలాగే ఉంచి జతలు చూడాలి, తర్వాత చిన్నది తీయాలి, తర్వాత కూడాలి, చివర్న ఒడిసిపట్టిన అంకె, మంత్రానికి వాడిన మూలికల వల్ల వచ్చే అంకె కలపాలి. అదనపు పాచికకు వేరే రంగు వాడేవాళ్ళూ ఉంటారు. దానివల్ల ఇంకో తప్పు పుడుతుంది. తీసేయాల్సింది రంగు పాచికను కాదు, ఏ రంగుదైనా సరే, అన్నిటికంటే చిన్నదాన్ని.

చిన్న శాపాల పట్టికలో పాలు విరిగిపోవడం ఒకటి. నాలుగో కూర్పులోనైతే నూరు ముఖాల పాచిక వేసి, ఎంత పడితే అన్ని గజాల మేర పాలన్నీ అప్పటికప్పుడు పులిసిపోతాయి. పాలు విరిగితే మంత్రగత్తె పనేనని యూరప్ పల్లెల్లో అనుకునేవారు, మన ఇళ్ళలో దిష్టి అనో అపశకునం అనో అంటాం. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ అంకె (తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) పాలలో మామూలుగా 6.7 దగ్గర ఉంటుంది. సూక్ష్మజీవులు పాలచక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తూ పోతే అది 4.6కి దిగుతుంది. అక్కడ కేసీన్ అనే మాంసకృత్తు కణాల మీది విద్యుదావేశం సమమై, అవి ఒకదాన్నొకటి నెట్టుకోవడం మానేసి ముద్దకడతాయి. వేడి చేస్తే అంత కిందికి దిగకముందే ఇది జరుగుతుంది. రాత్రంతా బయట ఉండి చూడ్డానికి బాగానే ఉన్న పాలు పొద్దున పొయ్యి మీద పెట్టగానే విరగడం అందుకే. దిష్టి తీసి ఉప్పు పారబోసే బదులు రాత్రే కాచి పెట్టుకుంటే సరిపోతుంది.

నాలుగో కూర్పు ఈ పాచికల తగవును వదిలేసి ఇంకో పద్ధతి పట్టుకుంది. ఇక్కడ చెడు ఖాతాలో జమవుతుంది. కేయాస్ తాకిడికి తీవ్రతను బట్టి 1, 2, 3 చొప్పున చెరుపు పాయింట్లు పడతాయి. దేహబలం, మనోబలం అంకెల్లో పదుల స్థానాలు కూడితే వచ్చేది హద్దు. దేహబలం 34, మనోబలం 42 అయితే 3, 4 కలిపి 7. ఎనిమిదో పాయింటు పడగానే తట్టుకునే పరీక్ష. నెగ్గితే ప్రస్తుతానికి బతికిపోతాడు, కానీ పాయింట్లు అలాగే ఉంటాయి, ఇంకొకటి పడితే మళ్ళీ పరీక్షే. ఓడితే మనోబలం పదుల అంకె మేర, ఇక్కడ 4, పాయింట్లు పోయి వాటికి బదులు ఒక వికృతి వస్తుంది. మనిషికైతే ఒంటికో మనసుకో చెరిసగం. మరుగుజ్జులకు నూటికి 95 మనసుకే, ఎల్ఫ్‌లకు నూటికి నూరూ మనసుకే. ఒంటి వికృతులు దేహబలం పదుల అంకెను గానీ, మనసు వికృతులు మనోబలం పదుల అంకెను గానీ దాటితే పాత్ర కేయాస్ పరం, ఆటగాడు కొత్త పాత్ర రాసుకోవాలి. మన ఉదాహరణలో అది జరగాలంటే కనీసం నాలుగు వికృతులు కావాలి. ఎంత అదృష్టవంతుడైనా ఎనిమిదోది దాటలేడు, ఎందుకంటే ఒంటికి మూడూ మనసుకు నాలుగూ నిండాక ఖాళీ గది లేదు.

దీనికి తోడు చీకటి బేరం అనే వెసులుబాటు ఉంది. ఏ పరీక్షలో ఓడినా సరే, ఒక చెరుపు పాయింటు తీసుకుని మళ్ళీ పాచిక వేయొచ్చు. అప్పటికే ఒకసారి మళ్ళీ వేసి ఉన్నా అభ్యంతరం లేదు. నైపుణ్యం 40 ఉన్నవాడు ఈ బేరంతో 64 శాతానికి చేరతాడు. ఓడిపోయిన క్షణంలో చూస్తే ఆ పాయింటు కొనిపెట్టేది అతని నైపుణ్యమంత అవకాశాన్ని. 80 నైపుణ్యం ఉన్నవాడికి ఒక పాయింటుకు నూటికి 80 గెలుపు, 20 ఉన్నవాడికి నూటికి 20. ఇక్కడ ఎర పనిమంతుడికి! రెండో కూర్పుకు సరిగ్గా తిరగబడింది. 7 హద్దున్నవాడికి మొదటి వికృతి ఎనిమిదో బేరం దగ్గర రావచ్చు. ఓడి 4 పాయింట్లు పోగొట్టుకున్నాక తర్వాతివి ప్రతి నాలుగు బేరాలకొకటి. ప్రతి పరీక్షా ఓడుతూ పోతే నాలుగో వికృతి 20వ బేరానికి.

పాయింట్లు తగ్గించుకునే దారి ఒకటి గేమ్ మాస్టర్ చేతిలో ఉంటుంది. అతను ఆటగాడికి ఒక గుసగుస వినిపించవచ్చు: "కాపలా వంతులో నిద్రపో, ఒక పాయింటు కొట్టేస్తా." ఒప్పుకుంటే ఖాతా తేలికవుతుంది, నష్టం తోటివాళ్ళ మీద పడుతుంది. ఈ మాట రెండు మూడు పాయింట్లున్నవాడి దగ్గర వృథా, వాడు వద్దంటాడు. సరిగ్గా హద్దు మీద, ఏడు పాయింట్లతో, ముందు ముందు చీకటి గుహ ఉందని తెలిసి కూర్చున్నవాడిని అడగాలి.