ఎన్ని ర్యాకులు ఆడితే తేలుతుంది?

కాజీపేట నుంచి ఒక ఇంజినీరింగ్ తమ్ముడు పూల్ ఆట గురించి అడిగాడు: "అన్నా, మోస్కోనీ కప్‌లో ఒక్కో మ్యాచ్ రేస్ టు 5 అంతే. కూర్చునేలోపు అయిపోతది. దాంట్ల ఎవరు గొప్ప ప్లేయరో ఎట్ల తెలుస్తది? నేనూ మా దోస్తూ హన్మకొండల రోజూ ఆడతం. మూడు గేముల్ల రెండు వాడే కొడతడు. కానీ రేస్ టు 3 పెట్టుకుంటే అప్పుడప్పుడు నేనే గెలుస్త. అది నా ఆటనా, లక్కా?"

ఈ ప్రశ్న నాకు ఎంత నచ్చిందంటే, పూల్ ఆడనివాళ్ల కోసం కూడా దీని మీద రాయాలనిపించింది. మోస్కోనీ కప్‌లో ఆడే నైన్ బాల్ అనే పూల్ ఆట రూల్స్ ఇక్కడ చెప్పను. ఒక్కో గేమును ర్యాకు అంటారు. ఎవరు ముందు ఇన్ని ర్యాకులు గెలిస్తే వాళ్లదే మ్యాచ్, ఆ సంఖ్యనే రేస్ అంటారు, ఈ ఒక్కటి గుర్తుంటే చాలు.

ముందు తమ్ముడి లెక్కే చూద్దాం. ఒక్కో గేములో అతను గెలిచే అవకాశం మూడింట ఒకటి. ఒక్క గేమే ఆడితే నూటికి 33 సార్లు అతనే గెలుస్తాడు. రేస్ టు 3 అయితే 21 సార్లు. రేస్ టు 9 అయితే ఏడున్నర సార్లు. ఆటగాళ్లు వాళ్లే, టేబుల్ అదే, చేతిలో స్టిక్ కూడా అదే. రేస్ పెంచుతూ పోతే చాలు, బలహీనుడి తలుపులు ఒక్కొక్కటీ మూసుకుపోతాయి. కాబట్టి తమ్ముడూ, రేస్ టు 3లో నువ్వు అయిదుసార్లకు ఒకసారి గెలవడంలో వింతేమీ లేదు. నీ ఆట మెరుగుపడకపోయినా ఆ ఒక్కటి వస్తూనే ఉంటుంది.

ఎందుకలా అన్నదే అసలు అందం. ప్రతి ర్యాకుకూ గెలిస్తే +1, ఓడితే -1 అని వేసుకుంటూ పోండి. ఒకడు నూటికి 55 ర్యాకులు గెలిచేవాడనుకుందాం, ప్రొఫెషనల్ స్థాయిలో ఈ తేడా చిన్నదేమీ కాదు. N ర్యాకులు ఆడాక అతని ఆధిక్యం సగటున 0.1 × N ఉంటుంది. అదృష్టం వల్ల వచ్చే ఊగిసలాట మాత్రం N పెరిగినంత వేగంగా పెరగదు, దాని వర్గమూలంలాగే పెరుగుతుంది, అంటే సుమారు √N. 25 ర్యాకులు ఆడితే నైపుణ్యం తెచ్చేది రెండున్నర ర్యాకుల ఆధిక్యం, అదృష్టం ఊపేది 5 ర్యాకులు. 100 ర్యాకులు ఆడితే అదీ 10, ఇదీ 10. అంటే 55-45 తేడా ఉన్న ఇద్దరి మధ్య నైపుణ్యం అదృష్టంతో సమంగా నిలబడడానికే వంద ర్యాకులు పడుతుంది! 60-40 తేడా అయితే 25 ర్యాకులు చాలు. 52-48 అయితే 625 కావాలి. 51-49కి దిగితే 2,500. తేడా సగమైతే కావలసిన ర్యాకులు రెట్టింపు కావు, నాలుగు రెట్లవుతాయి. ఈ ఒక్క వాక్యం బుర్రకెక్కితే ఆటలనే కాదు, ఎన్నికల సర్వేలనూ మందుల పరీక్షలనూ చూసే తీరు మారిపోతుంది.

హన్మకొండలో సందుకో ఇంటర్ కాలేజీ ఉంది. ప్రతిదాంట్లో ద్విపద విభాజనం, అంటే ఇలాంటి గెలుపోటముల లెక్కే, చెబుతారు. ఆటలు n, గెలిచే అవకాశం p, ఓడే అవకాశం q అయితే సగటు np, విస్తృతి npq అని బోర్డు మీద రాస్తారు, ఎప్‌సెట్ బిట్లు చేయిస్తారు. కానీ ఆ npqకి వర్గమూలం తీస్తే కనిపించే ఈ విషయం, చిన్న ఆటలో లక్కు ఎందుకు రాజ్యమేలుతుందన్నది, ఒక్క పీరియడ్ కేటాయించి చెబితే పిల్లలు ఆ ఫార్ములాను జన్మలో మరిచిపోరు. చెప్పడం లేదని నాకు నిజంగా బాధ.

అదే 55 శాతం ఆటగాడిని రేస్ టు 5లో పెడితే నూటికి 62 సార్లు గెలుస్తాడు. రేస్ టు 9లో 66, రేస్ టు 11లో 68. రేస్ టు 100 పెడితే 92. అయితే మోస్కోనీ కప్ లాటరీయేనా? కాదు. అక్కడ యూరప్, అమెరికా జట్లు ఆడతాయి, ఒక్కో మ్యాచ్‌కు ఒక పాయింటు, ముందు 11 పాయింట్లు తెచ్చిన జట్టుది కప్పు. ఒక జట్టు ప్రతి మ్యాచ్‌లోనూ ఆ 62 శాతం అవకాశంతో దిగితే, కప్పు గెలిచే అవకాశం దాదాపు 87 శాతానికి చేరుతుంది. ఏ మ్యాచ్‌కా మ్యాచ్ చూస్తే ఎటైనా పోవచ్చు, నాలుగు రోజులూ కలిపితే మాత్రం అది వందకు పైగా ర్యాకుల పెద్ద రేసే, టీవీకి పనికొచ్చేలా ముక్కలు చేశారంతే. నాకౌట్ టోర్నీ సంగతి వేరు. ప్రతి మ్యాచ్‌లో 80 శాతం గెలిచే మొనగాడు కూడా 128 మంది డ్రాలో వరుసగా ఏడు మ్యాచ్‌లు గెలవాలి. 0.8ని ఏడుసార్లు గుణించండి, 21 శాతం వస్తుంది. అందరికంటే గొప్పవాడే అయిదింట నాలుగు టోర్నీలు ఓడిపోతాడు.

ఇప్పుడు అసలైన పోటీ దగ్గరికి వద్దాం. 1996లో హాంకాంగ్‌లో ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రేయెస్, అమెరికా ఆటగాడు ఎర్ల్ స్ట్రిక్లాండ్ మూడు రోజులపాటు రేస్ టు 120 ఆడారు. గెలిచినవాడికి లక్ష డాలర్లు, ఓడినవాడికి ఏమీ లేదు. రేయెస్ 120, స్ట్రిక్లాండ్ 117. అభిమానులు ఇప్పటికీ ఆ స్కోరు చూపించి "తేలిపోయింది" అంటారు. లెక్క ఏమంటుందో చూడండి. 237 ర్యాకులు, వర్గమూలం 15 పైచిలుకు. ఇద్దరూ అచ్చంగా సమానమైనా 15 ర్యాకుల తేడా రావడం మామూలే, ఇక్కడ వచ్చింది మూడు. నిజానికి స్ట్రిక్లాండే 51-49తో కొంచెం మెరుగనుకున్నా, అతను సగటున 5 ర్యాకులు ముందుండాలి. 5 ముందుండాల్సినవాడు 3 వెనకబడితే మొత్తం తేడా ఎనిమిది, ఊగిసలాటలో సగం. ఏ సైంటిస్టూ దాన్ని రుజువనడు. మూడు రోజులు, 237 ర్యాకులు ఆడాక కూడా ఎవరు గొప్పో తేలలేదన్నమాట. ఆ ఫలితాన్ని తక్కువ చేయడం లేదు, ఇద్దరు మనుషులు అంత దగ్గరగా ఆడగలిగారన్నదే నాకు అద్భుతం.

క్రీడాస్ఫూర్తి గురించి మాట్లాడేవాళ్లు ఈ లెక్కను పట్టించుకోవాలని నా గట్టి అభిప్రాయం. స్ట్రిక్లాండ్ యూఎస్ ఓపెన్ అయిదుసార్లు గెలిచినవాడు, రిఫరీలతోనూ ప్రేక్షకులతోనూ గొడవపడటం అతనికి కొత్త కాదు. రేయెస్ ఓడినా గెలిచినా తల గోక్కుంటూ నవ్వేస్తాడు. ఒకరిని మంచివాడు, ఇంకొకరిని చెడ్డవాడు అనేయడం సులువు. కానీ పూల్‌లో ఓడేవాడి పరిస్థితి చాలా ఆటల్లో ఉండదు. టెన్నిస్‌లో ఎదుటివాడి బంతిని తిప్పికొట్టొచ్చు, చదరంగంలో మన ఎత్తు మనకుంటుంది. ఇక్కడ ఎదుటివాడు బ్రేక్ చేసి, అంటే ర్యాకులో మొదటి షాట్ కొట్టి, వరుసగా తొమ్మిది బంతులూ వేసేస్తే నువ్వు కుర్చీలో కూర్చోవాల్సిందే. హన్మకొండ సుబేదారి వైపు పార్లర్లలో సాయంత్రం చూడండి. ఓడుతున్నవాడు చాక్ క్యూబును స్టిక్ కొనకు రుద్దుతూనే ఉంటాడు, కొన మీద నీలం పేరుకుపోయి పొడి వేళ్ల మీద రాలుతుంటుంది, అయినా ఆపడు. ఇంకోడు సరిగ్గా షాట్ కొట్టే లైనులోకి వచ్చి నిలబడి ఫోను చూసుకుంటాడు, "ఇది పడదురా" అని మెల్లగా అంటాడు. టేబుల్ డబ్బులు ఓడినవాడివే అయినప్పుడు ఈ టెన్షన్ ఇంకా ఎక్కువ. ఇలా ఏకాగ్రత చెడగొట్టడం తప్పే. కానీ చిన్న రేసులో ఓడినవాడు "నేను నీకంటే తక్కువేం కాదు" అని మనసులో అనుకుంటే అది అహంకారం కాకపోవచ్చు, సరైన గణితమే కావచ్చు. గెలిచినవాడు ఎగిరిపడటానికే ఆధారం తక్కువ. గెలుస్తున్నంతసేపు చాక్ మార్చకూడదు, కుర్చీ మారకూడదు అనే నమ్మకాలు కూడా ఇక్కడే పుడతాయి. అయిదు ర్యాకుల్లో లక్కు అంత ఊపు ఊపుతుంటే మనిషి దానికేదో ఒక కారణం వెతుక్కుంటాడు.

ఇక బ్రేక్ గొడవ. గెలిచినవాడే మళ్లీ బ్రేక్ చేయాలా, చెరొకసారా? గెలిచినవాడికే ఇస్తే అన్యాయమని, బలమైనవాడు వరుసగా లాగేస్తాడని ఎందరో వాదిస్తారు. నాకు చాలా ఇష్టమైన ఫలితం ఒకటుంది: మొదటి బ్రేక్ ఒకరిదే అయినప్పుడు, రెండు పద్ధతుల్లోనూ మ్యాచ్ గెలిచే అవకాశం అచ్చంగా ఒకటే! రేస్ టు 2 వేసి చూడండి. మొదట బ్రేక్ చేసేవాడు తన బ్రేక్‌లో 60 శాతం, ఎదుటివాడి బ్రేక్‌లో 40 శాతం గెలుస్తాడనుకుందాం. అతను గెలిచే దారులు మూడు: వరుసగా రెండూ గెలవడం, మధ్యది ఓడి గెలవడం, మొదటిది ఓడి గెలవడం. చెరొకసారి బ్రేక్ చేస్తే 0.24 + 0.216 + 0.096 = 0.552. గెలిచినవాడికే బ్రేక్ ఇస్తే 0.36 + 0.096 + 0.096 = 0.552.

కారణం చీటీలతో చెప్పొచ్చు. రేస్ టు 9 అనుకోండి. మొదట బ్రేక్ చేసే రాముడి బ్రేకుల ఫలితాలు 9 చీటీల మీద, భీముడి బ్రేకుల ఫలితాలు 8 చీటీల మీద ముందే రాసి రెండు డబ్బాల్లో వేశారు. ఎవరు బ్రేక్ చేస్తే వాళ్ల డబ్బాలోంచి ఒక చీటీ తీయడమే. గెలిచినవాడికే బ్రేక్ అన్నప్పుడు రాముడు మొదటిది, ఆపైన తను గెలిచిన ప్రతి ర్యాకు తర్వాత ఒకటి చేస్తాడు, ఎంత ఎక్కువైనా 9 దాటవు. భీముడివి 8 దాటవు. చెరొకసారి అన్నా అంతే. అంటే ఏ పద్ధతిలోనూ డబ్బా ఖాళీ అయి ఆట ఆగిపోదు. మొత్తం 17 చీటీల్లో ఎవరి పేరు 9 లేదా అంతకంటే ఎక్కువసార్లు ఉంటే వాళ్లే విజేత, చీటీలు ఏ వరుసలో తీస్తే ఏంటి? మారేది స్కోరు రూపం మాత్రమే. గెలిచినవాడికి బ్రేక్ ఇస్తే 9-2 లాంటి ఏకపక్ష స్కోర్లు ఎక్కువ వస్తాయి, కుర్చీలో కూర్చున్నవాడికి నరకం కనిపిస్తుంది. అయితే ప్రతి ర్యాకూ ముందటి ర్యాకులతో సంబంధం లేనిదైతేనే ఈ లెక్క నిలుస్తుంది. మనిషి అలసిపోతాడు, ఓపిక నశిస్తుంది. మూడు రోజుల రేసులో కాళ్ల సత్తువ కూడా ఆటలో భాగమే.

తేడా మరీ ఎక్కువైతే రేస్ పొడవుతో పనే లేదు. మన పంకజ్ అద్వానీ ప్రపంచ బిలియర్డ్స్‌లో 150 పాయింట్ల ఫ్రేముల పొట్టి పోటీని, గంటల తరబడి సాగే పొడవైన ఫార్మాట్‌ను ఒకే ఏడాది గెలిచాడు, అదీ 2005, 2008, 2014, 2018లో నాలుగుసార్లు.

తమ్ముడూ, నీకూ నీ దోస్తుకూ సమానమైన ఆట కావాలంటే రేస్ పొడిగించొద్దు, పొడిగించినకొద్దీ నీకే నష్టం. అమెరికాలో ఫార్గో రేటింగ్ అని ఒకటుంది. దాంట్లో ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే గేములు రెండుకొకటి చొప్పున పోతాయని అర్థం, సరిగ్గా మీ ఇద్దరి లెక్కే. వాడు 8 కొట్టాలి, నువ్వు 4 కొడితే చాలు అని పెట్టుకోండి. అప్పుడు గెలిచే అవకాశం నూటికి వాడికి 47, నీకు 53.